గీత దాటేదాకా

అన్నయ్య అడుగులో ఏదో తేడా ఉంది.

స్టేడియం వెనకాల, పందేనికి ముందు ఒళ్లు వేడెక్కించుకునే చిన్న మైదానం అంచున కూర్చుని పిడుగు చెవులు రిక్కించింది. కంకర దారమ్మట వస్తున్న మనిషి కుడికాలు గట్టిగానే పడుతోంది. ఎడమకాలు మాత్రం నేలను అడిగి అడిగి, ఆలస్యంగా ఆనుతోంది. మనిషితోపాటు వార్నిష్ వాసన కూడా వచ్చింది. ఫర్నిచర్ షాపులో పాలిషు పనిచేసేవాడికి ఎంత రుద్దుకున్నా ఆ వాసన వదలదు. కాబట్టి వచ్చినవాడు అన్నయ్యే, నడకే అన్నయ్యది కాదు.

“కాలికేమైంది?”

“ఏ కాలికి?”

“నా కాలికి కాదులే. నీ ఎడమకాలికి.”

“కొత్త బూటు కదా, కరుస్తోంది.”

“బూటు కరిస్తే మడమ ఈడుస్తారా ఎవరైనా? ఇలా రా.”

అతను రాలేదు. పిడుగే శబ్దాన్ని బట్టి చెయ్యి చాపి, ప్యాంటు అంచు దొరకబుచ్చుకుని, మేజోడు కిందికి లాగి చీలమండ పట్టుకుంది. కాలిపోతోంది. ఎముక ఎక్కడుందో వెతుక్కోవాలి, అంతగా వాచిపోయింది. అన్నయ్య కాలు దానంతటదే వెనక్కి గుంజుకుంది.

“పొద్దున హాస్టల్ బాత్రూంలో సబ్బు నీళ్లమీద జారాను. అంతే. కట్టు కట్టాను.”

“అంతే అంట! ఇంకాసేపట్లో ఫైనల్ పెట్టుకుని అంతే అంటావేంటి? నీకసలు బుద్ధుందా?”

ఇక్కడ ఆ పిల్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి. పిడుగు అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. అసలు పేరు కాయితాల మీద భద్రంగా ఉంది, దాంతో పిలిచే నరమానవుడు లేడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. ఆనాటి నుంచీ గుమ్మమైనా, మెట్టయినా, వాననీటి గుంటయినా, ముందు అన్నయ్య దాటాలి, తర్వాత పిడుగు దాటాలి. అమ్మానాన్నా పోయి పిన్ని ఇంట్లో చేరినప్పుడూ అంతే, ముందు లోపలికి పోయి ఎక్కడ ఏముందో చూసొచ్చినవాడు అన్నయ్యే. తర్వాత, అందరూ ఈల మాస్టారు అని పిలిచే ఆటల మాస్టారు స్కూలు మైదానంలో ఆ పిల్ల కాళ్లు చూసి పరుగులోకి దింపినప్పుడు, పక్కన తాడు పట్టుకుని పరిగెత్తే గైడ్‌గా వేరే మనిషి కావాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మూరెడు కూడా లేని తాడు. ఒక కొస ఆమె కుడిచేతిలో, రెండో కొస అతని ఎడమచేతిలో. “వంపు” అంటే వంపు, “తిన్నగా” అంటే తిన్నగా, “గీత” అంటే అయిపోయినట్టు.

పోయినేడు ఇదే పందెంలో, ఇదే స్టేడియంలో వాళ్లు అందరికన్నా ముందొచ్చారు. వచ్చి ఓడిపోయారు. ఎందుకంటారా? గీత దగ్గరికి రాగానే అన్నయ్య చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే చేశాడు. చెల్లెలికన్నా ముందు తను దాటాడు. అరడుగు కూడా ఉండదు ఆ తేడా. గైడ్ ముందు గీత దాటితే ఆ జోడీ పందెంలో లేనట్టే, అది నియమం. పాపం, గుమ్మం దాటించినట్టు దాటించాడు మానవుడు. ఏం చేస్తాం!

పోయింది పతకమొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేవాళ్లు. ప్రభుత్వం యువతకోసం ఒక పథకం పెట్టింది. ఈ పోటీల్లో ఏ రంగు పతకం తెచ్చినా ఒక ఉద్యోగం, ఒక క్వార్టరు ఇస్తారు. అయితే యువత అంటే ఎవరన్నది కూడా వాళ్లే రాసిపెట్టారు. ఆ వయసు దాటిన మర్నాటి నుంచి మనం ముసలివాళ్లం కాబోలు! పిడుగుకు ఈ ఏడాదే ఆఖరు.

పోటీకి వచ్చినవాళ్లను పోయిన నెల బస్సులో తీసుకెళ్లి ఆ క్వార్టర్లు చూపించారు. పిడుగు తడిమి చూసింది. నున్నటి వంటగట్టు, గట్టిగా తిరిగే కొత్త కుళాయి, ఒక పెద్ద గది, చిన్న గది. చిన్న గది తలుపుకు లోపలివైపు గడియ ఉంది. ఆ గడియ వేసి, తీసి, మళ్లీ వేసింది. బయట ఎవరో “అమ్మా, ఇంక రండి” అని పిలిచేదాకా వేస్తూ తీస్తూనే ఉంది. పిన్ని ఇంట్లో వాళ్లిద్దరూ పడుకునేది ముందుగదిలో. మంచినీళ్లకు లేచినవాళ్లు వాళ్లను దాటుకుంటూ పోతారు. బట్టలు మార్చుకోవాలంటే ఎవరో ఒకరు గది ఖాళీ చెయ్యాలి.

పిన్ని చెడ్డదేం కాదు, అది కూడా చెప్పాలి. కొడుక్కి పెళ్లయింది, కోడలొచ్చింది, ఉన్నవి రెండు గదులు. “నెలాఖరుకల్లా ఏదో ఒకటి చూసుకోండర్రా” అని కళ్లు తుడుచుకుంటూనే చెప్పింది. అద్దె ఇళ్లవాళ్లేమో “చూపులేని పిల్ల పొయ్యి వెలిగిస్తుందా, ఇల్లు తగలబెడుతుందా?” అని మొహంమీదే తలుపులేశారు. అంచేత ఇవాళ గెలిస్తే గడియ ఉన్న గది, లేకపోతే వీధి. మధ్యలో ఇంకోటి లేదు.

“మాస్టారికి చెప్పావా?” అంది పిడుగు.

“చెప్తే నన్ను తీసేస్తాడు.”

“తియ్యాలి మరి!”

“పోయినేడు నేను చేసిన పనికి...” అని ఆగాడు. “ఈసారి నేనే పరిగెత్తి నీ చేతిలో పెడదామనుకున్నానే. అంతే.”

పిడుగుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడుపు కూడా వచ్చింది, అది వేరే సంగతి. ఇద్దరూ మాటా మాటా అనుకుంటుండగానే మెడలో ఈల ఊగే చప్పుడు వినిపించింది.

“ఏమిటర్రా గుసగుసలు?” అన్నాడు ఈల మాస్టారు. ఆయన చూపు కాలిమీద పడినట్టుంది, గొంతు మారిపోయింది. “ఇదేంట్రా ఇది? మనిషివా, గాడిదవా? ఇప్పుడా చెప్పడం!”

“నేను చెప్పలేదు మాస్టారూ, పిడుగే పట్టేసింది.”

“అది కూడా గొప్పగా చెప్పుకో!”

మాస్టారు తిట్టాల్సిన నాలుగూ తిట్టి, పొడుగు కోసం కేక వేశాడు. పొడుగు అంటే మాస్టారి దగ్గర అకాడమీలో పరుగు నేర్చుకునేవాడు, తాటిచెట్టంత మనిషి. ఎవరి గైడ్‌కైనా బాగోకపోతే పనికొస్తాడని మాస్టారు అతని పేరు కూడా ముందే ఇచ్చి ఉంచాడు. అన్నయ్య తన చేతి తాడు తీసి అతనికి అందించాడు. “ఇతనితో పరిగెత్తు. నిజంగానే చెప్తున్నా. నాకేం బాధలేదు” అన్నాడు. బాధలేదన్న మనిషి గొంతు అలా ఉండదు.

“నేను చెప్తుంటా అక్కా, మీరు లాగించెయ్యండి” అన్నాడు పొడుగు. మర్యాదస్తుడు, మెత్తని గొంతు.

ఈల మోగింది. పిడుగు కదిలింది. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఆపైన ఏమైందో, కాళ్లు వాటంతటవే బ్రేకు వేశాయి. నేల చదునేనని తెలుసు. ఆ మైదానంలో వారం నుంచీ పరిగెడుతోంది. “తిన్నగా అక్కా, తిన్నగా, ఏమీలేదు” అని అతను చెబుతూనే ఉన్నాడు, అబద్ధమూ చెప్పడంలేదు. అయినా ఎదురుగా ఏదో ఉందనే, ఇప్పుడే మొహం పగులుతుందనే భయం. రెండోసారి పరిగెత్తింది. మూడోసారీ పరిగెత్తింది. మూడోసారి ఇద్దరి మోకాళ్లూ కొట్టుకుని పడబోయారు.

“తప్పు నాదే అక్కా” అన్నాడు పొడుగు.

“నీది కాదు తమ్ముడూ. నా కాళ్లు మాట వినడంలేదు” అంది పిడుగు.

లోపలి మైకులో పోటీదారుల్ని పిలవడం మొదలైంది. గైడ్ ఎవరో ఇప్పుడే చెప్పాలి, చెప్పాక మార్చడానికి లేదు.

“నలుగురమ్మాయిలు, మూడు పతకాలు” అన్నాడు మాస్టారు చివరికి. “ఇలా పరిగెడితే నాలుగోది నువ్వే. ఏరా, పరిగెత్తగలవా? అబద్ధమాడావో, ఆ రెండోకాలు నేను విరగ్గొడతా.”

“రెండో వంపు దాకా పరిగెడతాను మాస్టారూ. అది మాత్రం గ్యారంటీ.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటా” అంది పిడుగు. “కట్టు బిగించండి.”

పందేనికి ముందు జోడీలను కూర్చోబెట్టే పిలుపుల గదిలో రబ్బరు బూట్ల వాసన, నొప్పి మందు వాసన. నాలుగు జోడీలు బెంచీలమీద కూర్చున్నాయి. పిడుగుకు ఎడంపక్క ఉన్న అమ్మాయి మోకాలు ఊపుతోంది, బెంచీ మొత్తం వణుకుతోంది. ఆ అమ్మాయికి కూడా ఏదో ఒక గది కావాలి కాబోలు. ఒక అధికారి వచ్చి కొద్దోగొప్పో చూపున్నవాళ్లకు మేలు కలగకుండా అందరి కళ్లకూ గంతలు కట్టించి, తాళ్లు సరిచూసి నియమాలు చదివాడు.

“గైడ్ ముందు గీత దాటకూడదు.”

పక్కన అన్నయ్య ఊపిరి ఆగిపోవడం పిడుగుకు వినిపించింది.

“గీత దాటేదాకా తాడు ఇద్దరి చేతుల్లోనూ ఉండాలి. ఎవరు వదిలినా జోడీ అవుట్. గైడ్ లాగకూడదు, తొయ్యకూడదు. ఏమైనా అనుమానాలున్నాయా?”

“గైడ్ నన్ను లాగకూడదు సరే” అంది పిడుగు. “నేను గైడ్‌ని లాగొచ్చా?”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి నవ్వలేదు. “ఇలా ఎవరూ అడగలేదమ్మా ఇప్పటిదాకా.”

“రూల్లో ఉందా, లేదా అండీ?”

కాయితాలు తిరగేసిన చప్పుడు. “లేదమ్మా. ఆ మాటేం లేదు.”

“చాలు” అంది పిడుగు.

మైదానంలోకి వెళ్లేటప్పుడు అన్నయ్య గొణిగాడు. “ఎందుకే అడిగావ్ అలాగ?”

“ఊరికే. నువ్వు నోరు పనిచేయించు. కాళ్ల సంగతి తర్వాత. ఇంకో మాట, గీత దగ్గర నాకు గుమ్మం తెరవడానికి వచ్చావో...”

“రానులే” అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

ఒక్క చుట్టు. స్టేడియమంతా ఒక్కసారి సద్దుమణిగింది. ఇలాంటి పందేనికి జనం అరవకూడదు, అరిస్తే గైడ్ మాట వినపడదు. ఆ నిశ్శబ్దం పిడుగు చెవుల్లో హోరుమంది.

తుపాకీ పేలింది.

“వంపు, వంపు, వంపు.” అన్నయ్య గొంతు కుడిచెవి పక్కనే. చేతులు కలిసి ఊగుతున్నాయి, అడుగులు కలిసి పడుతున్నాయి. బాగుంది. ఎడమకాలు కాస్త ఆలస్యం, అయినా బాగుంది. “తిన్నగా!” పిడుగు కాళ్లు బార్లా సాచింది. ఇప్పుడు ఏ భయమూ లేదు. ఎదురుగా గోడే ఉన్నా ఈ గొంతు ముందే చెబుతుంది. ముందు రెండు జోడీల బూట్ల చప్పుడు, వెనక ఎడంవైపు ఒక జోడీ. ఆ గైడ్ అమ్మాయి “హో, హో, హో” అని తాళం వేస్తోంది. మూడో స్థానం. ఇలాగే ఉంటే చాలు దేవుడా, ఇలాగే ఉండనీ.

“వంపు” అన్నాడు అన్నయ్య. ఈసారి మాట విరిగింది.

వంపులో బరువంతా ఎడమకాలిమీదే పడుతుంది. నాలుగడుగులకోసారి పళ్ల సందునుంచి ఒక మూలుగు వస్తోంది. తర్వాత మూడడుగులకే వస్తోంది. కలిసి ఊగే చేతులు తప్పాయి. తాడు మొదటిసారి వెనక్కి గుంజింది. “హో, హో, హో” దగ్గరపడింది.

“తిన్న...” అని సగంలో ఆగాడు. తర్వాత మాట లేదు. ఒంటికాలిమీద గెంతుతున్న చప్పుడు ఉంది. తాడు బిగుసుకుపోయి పిడుగు భుజం వెనక్కి పోతోంది.

“వదిలేస్తానే” అన్నాడు. “నావల్ల కాదు. నువ్వు పో...”

“వదిలావంటే చంపేస్తా!”

నోరు తెరిచి అరిచినందుకు ఊపిరి సగం ఖర్చయింది. పోతే పోయింది. పిడుగు తాడు కొసను వేళ్లకు మెలిపెట్టి, ముందుకు వంగి లాగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందు తను, వెనక అన్నయ్య. తాడు వేళ్లను కోస్తోంది. మనిషి మొత్తం బరువు ఆ వేళ్లమీదే. “హో, హో” ఇప్పుడు సరిగ్గా పక్కనే ఉంది, ఎడంచెవిలోనే ఉంది. పిడుగు కళ్లగంతల వెనక ఏమీ లేదు, ఆ చిన్న గది తలుపు గడియ తప్ప. రా అన్నయ్యా. రా, ఇంకొంచెం. ఎంత ఉందో చెప్పవేం? చెప్పు, గీత అని చెప్పు!

అతను చెప్పలేదు. పిడుగు లాగుతూనే ఉంది. వెనక ధబ్బున పడిన చప్పుడైంది, చెయ్యి ఊడిపోతుందేమో అనిపించింది, అయినా ఇంకో అడుగు వేసింది, ఇంకోటి వేసింది. ఎవరివో చేతులు వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాయి.

“ఆగమ్మా! ఆగు తల్లీ! అయిపోయింది!”

“గీత ఏది?”

“ఎప్పుడో దాటేశావు. ఆ మనిషిని ఈడ్చుకుపోతున్నావు, ఆపు!”

పిడుగు మోకాళ్లమీద కూలబడింది. ఎన్నో స్థానమని అడిగితే ఎవరూ చెప్పలేదు. జెండా ఎత్తారని ఎవరో అన్నారు. జెండా అంటే అనుమానం ఉన్నట్టు. పోయినేడు కూడా జెండాయే ఎత్తారు.

ఒక న్యాయనిర్ణేత వచ్చి “చేతులు చూపించండి” అన్నాడు. పిడుగు చూపించింది, తాడు వేళ్లలో దిగబడి ఉంది. అన్నయ్య పిడికిలి మాత్రం తెరుచుకోలేదు. తెరవనని కాదు, రావడంలేదు. ఈల మాస్టారు పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పదీశాడు. రెండో కొస అక్కడే ఉంది. న్యాయనిర్ణేత వెళ్లిపోయాడు, వీడియో చూడాలట.

ఇద్దరూ ఎర్రటి ట్రాకుమీద పక్కపక్కన పడి ఉన్నారు.

“గీత అని ఎందుకు చెప్పలేదు?”

“ఊపిరి లేదే.”

“ముందు నేనున్నానా, నువ్వా?”

“నువ్వే.”

“పక్క జోడీకన్నా ముందున్నామా?”

“ఉన్నాం.”

“ఒట్టు?”

“ఒట్టు.”

పోయినేడు కూడా గెలిచామనే చెప్పాడు, ఒట్టు కూడా వేశాడు. మైకులో వేరే మాట వచ్చేదాకా పిడుగు నమ్మింది కూడా. ఈసారి నమ్మదలుచుకోలేదు. అతని చెయ్యి మాత్రం వదల్లేదు, అంతే. పక్క జోడీ అమ్మాయి ఎక్కడో దగ్గర్లోనే వెక్కి వెక్కి ఏడుస్తోంది. గెలిచి ఏడుస్తోందో, ఓడి ఏడుస్తోందో ఎలా తెలుస్తుంది?

మైకు గరగరమంది. మొదటి స్థానం ఎవరో చెప్పారు, చప్పట్లు. రెండో స్థానం, చప్పట్లు. మూడో స్థానం అని ఒక పేరు చదివారు. ఎవరో పాపం, అదృష్టవంతురాలు అనుకుంది పిడుగు. ఈల మాస్టారు ఈల పగిలిపోయేలా ఊదాడు.

“నీ పేరేనే మొద్దూ!” అన్నాడు అన్నయ్య. అని భోరుమన్నాడు.

నిజమే, తన పేరే. పిలిచే దిక్కులేక మరిచేపోయింది. పిడుగు అన్నయ్య మెడ పట్టుకుని, వార్నిష్ వాసనలో మొహం పెట్టుకుని, గట్టిగా నవ్వుతూ ఏడ్చింది. పక్కన ఏడుస్తున్న అమ్మాయి ఎందుకు ఏడుస్తోందో కూడా అప్పుడే తెలిసింది. పిడుగు లేచి తడుముకుంటూ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపు అలాగే నిలబడి వచ్చేసింది.

పతకాలిచ్చేచోటికి పొడుగు అన్నయ్యను భుజం కింద చెయ్యి వేసి నడిపించాడు. మూడో స్థానంవాళ్ల మెట్టు చాలా పొట్టిది. అయినా మెట్టు మెట్టే కదా. అలవాటు ప్రకారం అన్నయ్య కాలు ముందుకు పడింది. చెక్కమీద బూటు ఆనిన చప్పుడు పిడుగు విన్నది. ఆ వెంటనే బూటు వెనక్కి దిగిన చప్పుడూ విన్నది. అతను ఎక్కకుండా అక్కడే ఆగిపోయాడు, చెల్లెలు ముందు ఎక్కాలని ఒంటికాలిమీద ఎదురుచూస్తున్నాడు.

పిడుగు అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు నెట్టింది.

“ఇక్కడ గీతేం లేదులే అన్నయ్యా. ముందు నువ్వెక్కు.”